శ్వాస కండరాలకు కసరత్తు: వదలడం దగ్గరే అసలు పని

సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా బయటకు రాని దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లు ఊపిరి పీల్చే కండరాలకు బలం పెంచుకుంటే చాలామందికి ఆయాసం కాస్త తగ్గుతుంది. దెబ్బతిన్న ఊపిరితిత్తులు మాత్రం దీంతో బాగుపడవు. అందుకే మందులు, ఇన్‌హేలర్, నడక మానేసి దీన్ని పట్టుకోవద్దు.

కావలసినవి స్ప్రింగ్ వాల్వు ఉన్న త్రెషోల్డ్ పరికరం (స్ప్రింగ్‌కి పెట్టినంత బలంతో పీలిస్తేనే వాల్వు తెరుచుకుంటుంది; ఆ బలమే కండరానికి బరువు), ముక్కుకు క్లిప్పు, కుర్చీ. బంతులు పైకి లేచే స్పైరోమీటర్‌తో ఈ పని జరగదు. అది నిండుగా పీల్చడం నేర్పుతుంది, కండరం మీద చెప్పుకోదగ్గ బరువు పెట్టదు. చిన్న రంధ్రం గుండా పీల్చే రకం కూడా నేను ఇవ్వను. నెమ్మదిగా పీలిస్తే చాలు, బరువు దానంతటదే తగ్గిపోతుంది. మనిషికి ఆ సంగతే తెలియదు.

ముందు డాక్టర్‌ని అడగండి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన చరిత్ర, పెద్ద బుల్లాలు (ఊపిరితిత్తిలో గాలి నిండిన బుడగలు), కర్ణభేరికి రంధ్రం, విరిగిన పక్కటెముక, ఈమధ్యే ఆపరేషన్ లాంటివి ఉంటే ఇది ప్రమాదం. జబ్బు ఉన్నట్టుండి ఎక్కువైన రోజుల్లోనూ వద్దు.

మీరు గట్టిగా పీల్చగలిగే ఒత్తిడిని ఫిజియోథెరపిస్ట్ కొలుస్తారు. అందులో సుమారు 30 శాతంతో మొదలుపెట్టాలి: 60 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి వస్తే 18. నిటారుగా కూర్చోండి, క్లిప్పు పెట్టుకోండి, పరికరాన్ని నోట్లో పెట్టుకుని దాని చుట్టూ పెదవులు బిగించి గట్టిగా, వేగంగా పీల్చండి. భుజాలు లేవకూడదు, పొట్ట ముందుకు రావాలి. పూటకు 30 శ్వాసలు, రోజుకు రెండు పూటలు.

ఇక అందరూ చెడగొట్టేది ఊపిరి వదలడం. అంతా పీల్చడం మీదే ధ్యాస పెట్టి, సగం వదిలి మళ్లీ పీల్చేస్తారు. సీఓపీడీలో గొట్టాలు ఇరుకు కాబట్టి గాలి బయటకు రావడానికి టైమ్ పడుతుంది. తొందరపడితే లోపల గాలి పేరుకుంటుంది, ఛాతీ ఉబ్బుతుంది, డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే, ఊపిరి పీల్చే ముఖ్య కండరం) చదునుగా అయిపోతుంది. చదునైన కండరానికి లాగే పట్టు ఉండదు. పదో శ్వాసకే పరికరం గట్టిగా అనిపిస్తుంది. "బరువు ఎక్కువైంది" అని స్ప్రింగ్ వదులు చేసేస్తారు. తప్పు స్ప్రింగ్‌ది కాదు.

కాబట్టి పీల్చిన సమయానికి కనీసం రెండు రెట్లు వదలడానికి ఇవ్వండి. బలవంతంగా ఊదకూడదు, దానంతటది జారనివ్వాలి. గాలి చప్పుడు పూర్తిగా ఆగాక మనసులో రెండు లెక్కపెట్టి అప్పుడే పీల్చండి. గొంతు కింద కండరాలు తాళ్లలా తేలుతుంటే ఆపి, పరికరం తీసేసి, పెదవులు సున్నాలా చుట్టి నాలుగైదు సార్లు వదలండి. తల తిరిగితే వేగం ఎక్కువైనట్టే. ఛాతీలో నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేసి డాక్టర్‌కి చెప్పండి. టీవీ చూస్తూ చేస్తే ఈ లెక్క తప్పుతుంది, చేయొద్దు.

చివరి శ్వాసలు తేలికైనప్పుడు మాత్రమే బరువు కొంచెం పెంచండి. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. మానేస్తే వచ్చిన బలం క్రమంగా పోతుంది. నోట్లో పెట్టుకునే భాగం రోజూ సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి, ఇంకొకరికి ఇవ్వకండి.