పార్టీ మహాసభ నుంచి వచ్చాక నియోజకవర్గానికి ఏం రాయాలి, ఎలా రాయాలి

మహాసభ ముగిశాక ప్రజాప్రతినిధులు రాసే వ్యాసాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: జనం పోటెత్తారు, అధినేత ప్రసంగం ఉత్తేజపరిచింది, కొత్త ఉత్సాహంతో తిరిగొచ్చాం. ఓటు వేసినవాళ్లు తెలుసుకోవాలనుకునేది వేరు. అక్కడ ఏం తీర్మానించారు? మా సంగతి ఎవరైనా ఎత్తారా? మీరు దేనికి చెయ్యెత్తారు? వీటికి జవాబు రాయాలంటే పని మహాసభకు ముందే మొదలవ్వాలి.

బయల్దేరే ముందు

ముసాయిదా తీర్మానాలు అందగానే చదవండి. సీపీఎం లాంటి పార్టీ రాజకీయ తీర్మానం ముసాయిదాను మహాసభకు రెండు నెలల ముందే విడుదల చేసి సభ్యుల నుంచి సవరణలు తీసుకుంటుంది. ప్రతినిధుల నమోదు దగ్గరే కాగితాలు చేతికొచ్చే చోట ఆ రాత్రే చదవక తప్పదు. మీ నియోజకవర్గానికి తగిలే వాక్యాల కింద గీత గీసి, వాటి నుంచి మూడు ప్రశ్నలు తయారు చేసుకోండి. మూడు దాటితే ఒక్కటీ తేలదు.

మాట్లాడాలనుకుంటే పేరు ముందే ఇవ్వాలి. మూడు నిమిషాలు ఇస్తారనుకుంటే రెండున్నర నిమిషాలకే రాసుకోండి. నిలబడి, పైకి చదువుతూ గడియారం చూసుకోండి. మనసులో చదివితే లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది. వేదిక మీది పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలు చెబితే అర నిమిషం పోతుంది. అడగదలచుకున్నది మొదటి రెండు వాక్యాల్లో పెట్టేస్తే, మధ్యలో గంట మోగినా అసలు మాట సభ చెవిన పడి ఉంటుంది.

సభలో నోట్సు

నోట్‌బుక్‌లో ఎడమ పేజీ ఇతరుల మాటలకు: ఎవరన్నారు, ఎన్నింటికి, ఏ మాటల్లో. కుడి పేజీ మీ అభిప్రాయానికి. రెండూ కలిపి రాసుకుంటే పది రోజుల తర్వాత ఏది నాయకుడి మాటో, ఏది మీ ఊహో తేల్చుకోలేరు. పార్టీ హామీ ఇచ్చిందని మీరు రాసింది మీ ఊహేనని తేలితే, ఆ తర్వాత మీరు రాసే నిజాన్నీ నమ్మరు.

ప్రతి తీర్మానానికీ ఈ వివరాలు ఉండాలి: ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఏ సవరణలు వచ్చాయి, ఏవి నిలిచాయి, ఆమోదం ఏకగ్రీవమా, మూజువాణి ఓటా, చేతులెత్తడమా, రహస్య బ్యాలెటా.

ఎక్కువ పొరపాట్లు జరిగేది సవరణల దగ్గరే. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో జరిగిన సీపీఎం 22వ మహాసభనే చూడండి. ముసాయిదాలో కాంగ్రెస్‌తో అవగాహన గానీ, ఎన్నికల పొత్తు గానీ లేకుండా అని ఉంది. ఆమోదం పొందిన పాఠంలో అది రాజకీయ పొత్తు లేకుండా అని మారింది. మారింది కొద్ది మాటలే. అయినా అవగాహనకు తలుపు మూసేశారా, కొంచెం తెరిచి ఉంచారా అన్న చర్చంతా వాటి చుట్టూనే తిరిగింది. ముసాయిదా చూసి వ్యాసం రాస్తే పార్టీ నిర్ణయాన్నే తప్పుగా చెప్పినవాళ్లమవుతాం. అందుకే వాట్సాప్‌లో తిరిగే ప్రతిని నమ్మకుండా, పార్టీ కార్యాలయం ఇచ్చే తుది పాఠంతో ప్రతి వాక్యం సరిచూసుకోండి.

తీర్మానించడం వేరు, చట్టం కావడం వేరు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యమే భావి వ్యవసాయ పద్ధతి కావాలని తీర్మానించింది. అప్పుడు కేంద్రంలో ఉన్నది ఆ పార్టీ ప్రభుత్వమే. అయినా దేశ వ్యవసాయం ఆ దారి పట్టలేదు. కాబట్టి ‘తీర్మానించాం’ అనాల్సిన చోట ‘అమలు చేస్తున్నాం’ అని రాయకండి. ఆ తేడా తెలియక ఒక రైతు పంట నిర్ణయం తీసుకుంటే నష్టపోయేది అతనే.

రాయడం

సభ ముగిసిన ప్రతి రాత్రీ ఇరవై నిమిషాలు కూర్చుని నోట్సులోని పొడి అక్షరాలు విప్పి రాయండి. తెల్లారితే సగం అర్థం కావు. వ్యాసం వారంలోపు బయటకు రావాలి, ఆరు వందల మాటలు చాలు.

మొదటి రోజు, రెండో రోజు అంటూ వరసగా చెప్పకండి. మీ జనానికి బాగా దగ్గరైన నిర్ణయంతో ఎత్తుకోండి. తర్వాత మీ మూడు ప్రశ్నలు, వచ్చిన జవాబులు. అధినేత ప్రసంగానికి ఒక పేరా చాలు, అది పత్రికల్లో వచ్చే ఉంటుంది. ఫొటో ఒక్కటే పెట్టండి, అందులో మీరు ఉండి తీరాలనేమీ లేదు.

మీరు వ్యతిరేకించిన తీర్మానం నెగ్గితే దాచకండి. ఏ కారణంతో వ్యతిరేకించారో రెండు వాక్యాల్లో రాసి, మెజారిటీ ఇలా నిర్ణయించిందని చెప్పండి. పార్టీ క్రమశిక్షణ ఇందుకు అడ్డమయ్యే చోట, కనీసం సభలో వినిపించిన రెండు వాదనలూ పేర్లు లేకుండా రాయవచ్చు. ప్రతినిధులకు మాత్రమే పరిమితమైన సమావేశాల మాటలు, భోజనాల దగ్గర ఎవరో నమ్మి చెప్పిన మాటలు బయట పెట్టకూడదు. ఒక్కసారి పెడితే వచ్చే మహాసభలో మీ ముందు ఎవరూ నోరు విప్పరు.

ప్రయాణ ఖర్చు ఎవరు భరించారో ఒక్క వాక్యంలో చెప్పండి. పార్టీ పనికి ప్రభుత్వ వాహనం, సిబ్బంది వాడకూడదు. అడగక ముందే ఆ సంగతి స్పష్టం చేస్తే మంచిది.

జవాబు రాని ప్రశ్న ఉంటే దాన్ని వ్యాసం చివర ఉన్నదున్నట్టు ఉంచి, ఎవరిని అడిగారో, మళ్లీ ఎప్పుడు అడుగుతారో తేదీతో సహా రాయండి. మూడు నెలల గడువు సరిపోతుంది. ఆ రోజున, జవాబు వచ్చినా రాకపోయినా, రెండో వ్యాసం రాయండి.