పోర్టబుల్ ఎస్ఎస్‌డీ ఎలా ఎంచుకోవాలి?

మాది పాలకొల్లు. పెళ్లి వీడియోల మిక్సింగ్ నా పని. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే భీమవరం నుంచి, నరసాపురం నుంచి, రేవు దాటి సఖినేటిపల్లి, రాజోలు వైపు నుంచి కెమెరా కుర్రాళ్లు డ్రైవులు పట్టుకుని దిగుతారు. ఒకడు ఖరీదైన ఎస్ఎస్‌డీ (చిప్పుల్లో డేటా దాచే డ్రైవు) కొని దానికి ఫోన్ చార్జర్ కేబుల్ తగిలిస్తాడు. ఇంకొకడు రెండు వేలకే వచ్చిందని '16 టీబీ' అని రాసున్న ప్లాస్టిక్ ముక్క తెస్తాడు. ఆ తర్వాత "అన్నయ్యా, కాపీ అవ్వట్లేదు" అంటారు. ఎందుకవ్వదో చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను. రొయ్యల చెరువు లెక్కలు, పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు దాచుకునేవాళ్లకి కూడా వరస ఇదే.

1. ముందు అవసరం తేల్చుకోండి

కదలకుండా బీరువాలో పడి ఉండే పాత ఫైళ్లకి ఎస్ఎస్‌డీ దండగ. అదే డబ్బుకి హార్డ్ డిస్క్ అయితే చాలా ఎక్కువ చోటు వస్తుంది. రోజూ బ్యాగులో తిరిగేదానికి మాత్రం ఎస్ఎస్‌డీయే కొనాలి. హార్డ్ డిస్కులో పలకలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీద వెంట్రుక మందం కూడా లేని ఎత్తులో వాటిని చదివే హెడ్ ఆడుతుంది. ఆడుతున్నప్పుడు బల్ల మీంచి జారిందా, అంతే. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు. ఏటిగట్టు మీద గతుకుల్లో బైకు నడిపేవాడికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

2. ఎంత సైజు?

లెక్క తేలికే. 4కే వీడియో సెకనుకి 100 మెగాబిట్ల (ఎనిమిది బిట్లు ఒక బైటు) రేటుతో తీస్తే గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 540 జీబీ. అంటే 1 టీబీలో (వెయ్యి జీబీ) ఒక పెళ్లి హాయిగా పడుతుంది, రెండో పెళ్లికి చోటుండదు. 1 టీబీ అని కొన్నది విండోస్‌లో 931 జీబీ చూపిస్తే మోసపోయామని గోల చేయకండి. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది.

ఒక 2 టీబీ కన్నా రెండు 1 టీబీలు కొనాలి. ఇందులో చర్చ లేదు. అవే ఫైళ్లు రెండింట్లోనూ పెడితే, ఒకటి పోతే రెండోది ఉంటుంది. 500 జీబీ జోలికి పోకండి. మూడు నెలలకే నిండి, "ఏవి తుడిపేద్దాం?" అని అర్ధరాత్రి కూర్చోవలసి వస్తుంది.

క్లౌడ్‌లో పెట్టేస్తే పోలా అనేవాళ్లుంటారు. 50 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) అప్‌లోడ్ ఉన్న లైన్‌లో 540 జీబీ ఎక్కాలంటే సరిగ్గా 24 గంటలు, అదీ లైన్ ఒక్కసారీ తెగకపోతే. వాళ్లతో వాదన పెట్టుకోవడం ఎప్పుడో మానేశాను.

3. మీ కంప్యూటర్ పోర్టు చూడండి

డబ్బా మీద సెకనుకి '2000' ఎంబీ అని ఉంటే ఎగబడి కొంటారు. ఆ వేగం రావాలంటే కంప్యూటర్‌లో యూఎస్‌బీ 3.2 జెన్ 2x2 పోర్టు ఉండాలి, అది చాలా లాప్‌టాప్‌లలో ఉండదు. చాలా మ్యాక్‌లు ఆ పద్ధతిని పట్టించుకోవు, అక్కడ డ్రైవు సగం వేగానికి దిగిపోతుంది. 10 జీబీపీఎస్ (సెకనుకి గిగాబిట్లు) పోర్టులో సెకనుకి సుమారు 1000 ఎంబీ, 5 జీబీపీఎస్ పోర్టులో 400కి కాస్త అటూఇటూ వస్తాయి. మన ఊళ్లలో ఎక్కువ మందికి ఉన్నది ఈ చివరిదే. ఎక్కువమందికి 10 జీబీపీఎస్ డ్రైవు సరిపోతుంది. అంతకుమించి పెట్టే డబ్బు రెండో డ్రైవు మీద పెట్టండి.

కేబుల్ సంగతి. ఫోనుతో వచ్చే చార్జర్ కేబుళ్లలో చాలావరకు లోపల యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. దాంతో సెకనుకి 40 ఎంబీ దాటదు. 500 జీబీకి మూడున్నర గంటలు పడుతుంది. మూతి ఒకేలా ఉంది కదా అని ఏ కేబుల్ పడితే ఆ కేబుల్ వాడకండి. డబ్బాలో వచ్చిన పొట్టి కేబులే వాడాలి. డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టులోనే పెట్టండి, ముందు పోర్టులు నాకు నచ్చవు.

4. లోపలి సరుకు ఏమిటో కనుక్కోండి

కంపెనీలు చిన్న అక్షరాల్లో కూడా రాయడానికి ఇష్టపడని సంగతి ఇది. చిప్పులో ఒక్కో గదిలో మూడు బిట్లు పెడితే టీఎల్‌సీ, నాలుగు పెడితే క్యూఎల్‌సీ. క్యూఎల్‌సీ చవక, కానీ రాయడం నెమ్మది, అరుగుదల ఎక్కువ. క్రూషియల్ కంపెనీ ఎక్స్9లో క్యూఎల్‌సీ, ఎక్స్9 ప్రోలో టీఎల్‌సీ. పేరులో ఒక్క 'ప్రో' తేడా అంతే. శాంసంగ్ టీ7లో టీఎల్‌సీ.

మరి డబ్బా మీద రెండింటికీ ఒకే వేగం ఎలా రాస్తారు? కోతల కాలంలో ధాన్యం బళ్లు వస్తే ముందు బస్తాలు అరుగు మీద గబగబా దింపేస్తారు, తర్వాత తీరిగ్గా గాదెలోకి ఎత్తుతారు. ఎస్ఎస్‌డీ కూడా అంతే. కొంత చోటుని అరుగులా వాడి, గదికి ఒక్క బిట్టే పెడుతూ చకచకా రాసుకుంటుంది. దాన్నే క్యాష్ (cache) అంటారు. డబ్బా మీద అంకె ఆ అరుగు వేగం. అరుగు నిండాక బళ్లు నేరుగా గాదెకే పోవాలి. అప్పుడు క్యూఎల్‌సీ డ్రైవు సెకనుకి 100 ఎంబీ దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందకి పడిపోతుంది. పది ఫొటోలు కాపీ చేసేవాడికి ఈ తేడా జన్మలో తెలియదు. పెళ్లి మొత్తం ఒకేసారి దింపేవాడికి తెల్లారేసరికి తెలుస్తుంది.

నీళ్ల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. టీ7 షీల్డ్ లాంటివాటికి ఐపీ65 అని ఉంటుంది. దుమ్ము లోపలికి పోదు, నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది అని అర్థం. ముంచితే తట్టుకుంటుందని కాదు. పంటు మీంచి గోదాట్లో పడినదానికి ఆ అంకె వర్తించదు. ఐపీ67 అయితే మీటరు లోతులో అరగంట దాకా పర్వాలేదు, అదీ మీ చేతికి దొరికితే కదా.

వేలిముద్ర తాళాలున్నవి, కేబుల్ ఒంటికే అతికి ఉన్నవి, లైట్లు మెరిసేవి కొనకండి. రేకు ఒళ్లున్నదే కొనండి, వేడి బయటికి పోతుంది. విడిగా ఎం.2 కార్డు (కంప్యూటర్ లోపల బిగించే సన్నటి ఎస్ఎస్‌డీ), దాన్ని పెట్టే డబ్బా కొని బిగించుకుంటే లాభం అని షాపులవాళ్లు ఊదరగొడతారు. నిజమే, రియల్‌టెక్ ఆర్‌టీఎల్9210బీ చిప్పున్న మంచి డబ్బా, లోపల వేడి ప్యాడ్ సరిగ్గా అంటించడం తెలిసినవాడికి లాభమే. మొదటి డ్రైవు కొనేవాడు ఆ జోలికి పోకూడదు. తేడా వస్తే తప్పు కార్డుదా, డబ్బాదా, అంటించిన చేతిదా తేల్చేలోపు వాపసు గడువు అయిపోతుంది.

5. కొన్నాక నిండా నింపి చూడండి

ఇక్కడ తొందరపడకండి. పైన చెప్పినవన్నీ తప్పినా కొంత డబ్బే పోతుంది. ఇది తప్పితే డేటా పోతుంది.

డ్రైవు రాగానే ప్యాకెట్ విప్పుతూ ఫోనులో వీడియో తీయండి. తర్వాత కంప్యూటర్‌కి పెట్టి, సైజు సరిగ్గా చూపించిందని సంబరపడి ఫుటేజ్ ఎక్కించేయకండి. సైజు చూపించడం ఋజువు కాదు. దొంగ డ్రైవుల లోపల చాలాసార్లు చిన్న మెమరీ కార్డు అతికించి ఉంటుంది. తన సైజు 16 టీబీ అని కంప్యూటర్‌తో అబద్ధం చెప్పేలా దాని కంట్రోలర్‌ని (డ్రైవుని నడిపే చిప్పు) మార్చేస్తారు. ఫార్మాట్ చేసినా అబద్ధం బయటపడదు, ఎందుకంటే క్విక్ ఫార్మాట్ పై పై పేజీలే రాస్తుంది. కాపీ చేసినా బయటపడదు. ఉన్న చోటు నిండాక వచ్చిన డేటాని అది గాలికి వదిలేస్తుంది, లేదా పాతదాని మీదే రాసేస్తుంది. 'కాపీ పూర్తయింది' అని మాత్రం నిక్షేపంగా చెబుతుంది.

లంక ఊరి కుర్రాడొకడు అలాంటి డ్రైవే తెచ్చాడు. స్నాతకం నుంచి జీలకర్ర బెల్లం దాకా అన్నీ వచ్చాయి. తాళికట్టు నుంచి ఒక్క క్లిప్పూ తెరుచుకోలేదు. ఫైలు పేరుంది, సైజుంది, లోపల సున్నా. కాపీ అయిపోయింది కదా అని కెమెరా కార్డులు అప్పటికే ఫార్మాట్ కొట్టేసి ఇంకో పెళ్లికి వాడేశాడు. పెళ్లికూతురి నాన్నగారికి ఆ మాట చెప్పడానికి నన్నూ తోడు తీసుకెళ్లాడు. ఆ రోజు తాగిన కాఫీ చేదు ఇంకా నోట్లోనే ఉంది.

కాబట్టి ఇలా చేయండి. విండోస్ అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది, జర్మన్ కంప్యూటర్ పత్రిక ఒకటి ఇచ్చింది. మ్యాక్, లినక్స్ వాళ్లకి ఎఫ్3 ఉంది. డ్రైవులో ఏమీ లేకుండా ఉంచి, భాష ఇంగ్లీషుకి మార్చుకుని, డ్రైవుని చూపించి, ఉన్న చోటంతా నింపమని చెప్పి, రాసి సరిచూసే బటన్ నొక్కండి. అది ఒక్కో జీబీ ఫైళ్లు రాసుకుంటూ పోయి డ్రైవు నింపుతుంది. తర్వాత మొదటి నుంచి చదివి, రాసిందే ఉందా లేదా పోల్చి చూస్తుంది. తప్పుల్లేకుండా పూర్తయిందని చివర్లో కనిపించాలి. ఒక్క తప్పు చూపించినా మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి. కేబుల్, పోర్టు మార్చి ఒకే ఒక్కసారి చూడండి. మళ్లీ వస్తే వాపసు.

చేసేముందు మూడు జాగ్రత్తలు. లాప్‌టాప్ నిద్రలోకి జారకుండా సెట్టింగ్ మార్చండి. చార్జర్ పెట్టే ఉంచండి, కరెంటు పోయినా బ్యాటరీ నిలవాలి. డ్రైవుని లాప్‌టాప్ వేడిగాలి వచ్చే పక్కన గానీ, దుప్పటి మీద గానీ పెట్టకండి. నేను స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద పెడతాను. మే నెలలో వేడెక్కిన డ్రైవు తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అది చెడిపోయినట్టు కాదు.

టెస్ట్ నడుస్తుంటే మధ్యమధ్యలో వచ్చి వేగం చూడండి. మొదట్లో వేగంగా పోయి, పావు వంతో మూడో వంతో అయ్యాక పడిపోతే అరుగు నిండినట్టు. పడ్డాక ఎంత మిగిలిందో కాగితం మీద రాసుకోండి. మీరు కొన్న డ్రైవు అసలు వేగం అదే. 400 నిలిస్తే 1 టీబీ నిండడానికి ముప్పావుగంట లోపే పడుతుంది, 100 నిలిస్తే దగ్గర దగ్గర రెండు గంటల యాభై నిమిషాలు. చదవడానికి పట్టే టైము వేరే. మధ్యలో డ్రైవు మాయమై మళ్లీ ప్రత్యక్షమైతే అది వేగం సంగతి కాదు. కేబుల్ కదిలిందేమో చూడండి, కదలకపోతే వాపసు.

ఇలా నింపితే డ్రైవు అరిగిపోదా అని అడుగుతారు. అరగదు. 1 టీబీ డ్రైవుని ఒకసారి నింపడం దాని ఆయుష్షులో వందల్లో ఒక వంతు. ఏటా వందసార్లు దోసెలేసే పెనాన్ని కొన్న రోజు ఒకసారి కాల్చి చూస్తే అరిగిపోతుందా?

వాపసు గడువు లోపలే ఈ పని అవ్వాలి. మంచి రోజు చూసి మొదలుపెడతానని పది రోజులు ఆగినవాణ్ణి చూశాను.

6. మిగతావి

పరీక్ష ఫైళ్లు తుడిపేసి, ఎక్స్‌ఫాట్‌లో ఫార్మాట్ చేయండి. విండోస్, మ్యాక్, చాలావరకు కొత్త ఫోన్లు చదువుతాయి. ఫాట్32 వద్దు, 4 జీబీ దాటిన ఫైలుని తీసుకోదు. తీసేముందు ఎజెక్ట్ కొట్టండి. డ్రైవు మీద పేరు, ఫోన్ నంబరు స్టిక్కర్ వేయండి, లోపల పెళ్లి పేర్లు మాత్రం బయట రాయొద్దు.

కెమెరా కార్డు ఫార్మాట్ చేసేముందు రెండు డ్రైవుల్లో ఉన్న ఫైళ్లనీ తెరిచి చూడండి. మొదటివి, మధ్యవి, చివరివి. మొదటివి మాత్రమే చూసి వదిలేస్తే ఆ లంక కుర్రాడి కథే.

వాడని డ్రైవుని ఏళ్ల తరబడి వదిలేయొద్దు. కరెంటు లేకుండా ఎస్ఎస్‌డీ డేటాని శాశ్వతంగా నిలపదు. పూర్తిగా అరిగిన డ్రైవు కూడా 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలపాలని పరిశ్రమ ప్రమాణం. కొత్తది అంతకన్నా బాగానే నిలుపుతుంది. కానీ మన రేకుల గదిలో ఎండాకాలం 30 దగ్గర ఆగుతుందా? నేను ఆరు నెలలకోసారి, సంక్రాంతికి ఒకసారి, ఆషాఢంలో పని లేనప్పుడు ఒకసారి అన్ని డ్రైవులూ పెట్టి తెరుస్తాను. అంతర్వేది వైపు ఉప్పుగాలి పోర్టుల్ని తినేస్తుంది కాబట్టి మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టాలి.

వారంటీ కార్డు, బిల్లు ఫొటో తీసి ఫోనులో ఉంచండి. వారంటీలో కొత్త డ్రైవు ఇస్తారు గానీ పాత ఫుటేజ్ ఇవ్వరు. బిల్లుని అదే డ్రైవులో దాచి, అది పాడయ్యాక బిల్లు కోసం నా దగ్గరికి వచ్చినవాడు కూడా ఉన్నాడు.