ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాసి పెట్టుకోండి

నిండు నూరేళ్లు బతకమని అందరం దీవించుకుంటాం గానీ, నాకు అంతకన్నా ముఖ్యమైన కోరిక ఒకటుంది. ఎనభై ఏళ్లొచ్చినా మంచం మీద నుంచి మనంతట మనమే లేవాలి, మన కంచం మనమే కడుక్కోవాలి. మా నాయనమ్మ ఆఖరి వరకూ పీట మీద కూర్చుని భోంచేసి, చెయ్యి నేలకి ఆనించకుండా లేచేది. మా బాబాయేమో బీపీ తగ్గింది కదా అని మాత్రలు తనే మానేసి, అరవై రెండేళ్లకే పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఆ ఇద్దరినీ దగ్గర నుంచి చూశాక మా ఇంట్లో కొన్ని పనులు మొదలుపెట్టాం, జిమ్ములూ పౌడర్లూ అక్కర్లేనివే, మీరూ చెయ్యొచ్చు.

ముందు వంటింటి సంగతి. పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే ఒక టీస్పూను. కూరలో చేత్తో వేసేసేవాళ్లం కదా, ఎవరు కొలుస్తారు? అందుకే కొత్త కిలో ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద తేదీ రాసేయండి. నలుగురున్న ఇంట్లో రోజుకి 20 గ్రాముల లెక్కన అది 50 రోజులు రావాలి. మాకు మొదటిసారి 31 రోజులకే అయిపోయింది! అంటే తలా 8 గ్రాములు, పైగా ఆవకాయ, అప్పడాలు, బయట తిన్న బజ్జీలు ఈ లెక్కలో లేనే లేవు. పెరుగన్నంలో ఉప్పు కలుపుకోవడం మానేశాం, ఆవకాయని ఆదివారం ముద్దపప్పుకి పరిమితం చేశాం, వేపుళ్లలో ఉప్పు తగ్గించి దించాక నిమ్మకాయ పిండుతున్నాం. మొదటి వారం చప్పగా ఉందని పిల్లలు గొడవ చేశారు, తర్వాత నాలుక అలవాటు పడిపోయింది. సైంధవ లవణం వాడుతున్నాం కాబట్టి మాకేం కాదు అనుకోకండి, అందులోనూ ఎక్కువ భాగం ఉండేది సోడియం క్లోరైడే, అంటే మామూలు ఉప్పే.

కంచంలో మార్చుకోవాల్సింది ఒక్కటే. ముందు కూర, పప్పు వడ్డించుకుని సగం తినేశాక అన్నం పెట్టుకోండి. ఇలా తింటే భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా పెరగదు, అన్నం కూడా తక్కువే పడుతుంది. కూరలూ పండ్లూ కలిపి సగం కంచం ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది, మనం కూరని నంజుకునే వాళ్లం కాబట్టి ఇది కాస్త కష్టమే, అయినా పట్టుబట్టండి.

రాత్రి ఎనిమిదిలోపు తినేసి, టీవీ ముందు కూలబడకుండా పది, పదిహేను నిమిషాలు నడవండి, వీధిలో కుక్కల భయం ఉంటే మేడ మీదైనా సరే. వారానికి కనీసం 150 నిమిషాల నడక అంటే భయమేస్తుంది గానీ, పొద్దున పది, రాత్రి పదిహేను నిమిషాలు వేసుకుంటే వారానికి 175 అయ్యాయి. కాస్త ఆయాసం వచ్చేలా, మాట్లాడగలిగేలా నడిస్తే చాలు.

నడక ఒక్కటే సరిపోదు, ఇది చాలామంది వదిలేస్తారు. వయసు పెరిగే కొద్దీ కండ కరిగిపోతుంది, బాత్‌రూమ్‌లో జారి పడినప్పుడు నిలదొక్కుకోనిచ్చేది తొడల్లో బలమే. చేతులు లేని కుర్చీని గోడకి ఆనించి వేసుకోండి, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, పాదాలు నేల మీద గట్టిగా పెట్టి, చేతి సాయం లేకుండా లేచి నిలబడి, మళ్లీ నెమ్మదిగా కూర్చోండి, దబ్బున కూలబడితే లాభం లేదు. పదిసార్లు, వీలైతే రెండు పూటలా. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచుకోండి.

నిద్ర ఏడు గంటలు, ఫోన్ వేరే గదిలో.

ఇక బీపీ. అది పెరిగినా చాలాసార్లు తలనొప్పి కూడా రాదు, చూపించుకుంటేనే తెలుస్తుంది, కాబట్టి ముప్పై దాటినవాళ్లు ఏడాదికోసారైనా చూపించుకోండి. ఇంట్లో మిషన్ ఉంటే, కాఫీ తాగిన అరగంట దాకా ఆగండి, ఐదు నిమిషాలు వీపు ఆనించి మాట్లాడకుండా కూర్చోండి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి రెండుసార్లు చూడండి. 140/90 దాటి పదేపదే కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మాత్ర తగ్గించాలన్నా ఆపాలన్నా ఆ మాట ఆయనే చెప్పాలి. వచ్చిన అంకెల్ని గోడ మీది కాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసేయండి, వెళ్లేటప్పుడు ఆ పేజీ ఫొటో తీసుకెళ్తే సరిపోతుంది.