నాలుగు నెలల చలికి 32 చదరపు అడుగుల మడి

గడ్డకట్టే చలి ఉన్న దేశాల్లో కూరగాయల పెంపకంలో శ్రమంతా మొక్కను చలి నుంచి కాపాడటానికే పోతుంది. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. నవంబరు నుంచి ఫిబ్రవరి నడిమి దాకా ఉండే చల్లదనమే మనకు మేలైన కాలం. అది పోయి ఎండలు ముదిరేలోగా క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ, కాలిఫ్లవర్, బఠాణీ అన్నీ చేతికి రావాలి. అందువల్ల ఇంటి వెనుక చిన్న జాగాలో కూరగాయలు వేసుకునేవారు స్థలాన్ని ఎంత పొదుపుగా వాడతారో రోజులను కూడా అంత పొదుపుగా వాడాలి.

ముందుగా ఎండ సంగతి చూసుకోవాలి. శీతకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. డిసెంబరు మూడో వారంలో మన ప్రాంతంలో ఆరడుగుల ప్రహరీ గోడ నీడ నడిమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు అయిదడుగుల దాకా పడుతుంది. వేసవిలో మండిపోయినట్లు కనిపించే మూల చలికాలంలో రోజంతా నీడలో ఉండిపోవచ్చు. కనుక దక్షిణపు గోడకు ఆనుకొని మడి కట్టకూడదు. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ పడే చోటును ఎంచుకొని, తూర్పు పడమరలుగా ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉండేలా ముగ్గుతో గీత గీసుకోవాలి. వెడల్పు అంతకు మించితే రెండు వైపుల నుంచీ చేయి నడిమికి అందదు. అందనప్పుడు మడిలోకి దిగవలసి వస్తుంది, అడుగు పడిన చోట చెల్క మట్టి బిగుసుకుపోతుంది.

గడ్డపారతో అడుగు లోతు తవ్వి, రాళ్ళు ఏరి, బాగా మాగిన పెంట ఎరువును రెండంగుళాల మందాన పరచి, అర కిలో వేప పిండి చల్లి పై మట్టితో కలపాలి. చలి దేశాల్లో నేల త్వరగా వెచ్చబడాలని మడిని ఎత్తుగా కడతారు. మన ఎర్ర చెల్కలో అలా కడితే తడి నిలువదు. మూడు నాలుగు అంగుళాల ఎత్తు చాలు, చుట్టూ చిన్న గట్టు వేస్తే పోసిన నీరు మడిలోనే ఇంకుతుంది. నల్లరేగడి నేల ఉన్నవారు మాత్రం నీరు నిలువకుండా ఇంకొంచెం ఎత్తు పెంచుకోవాలి.

ఏ పంట ఎంత వేయాలో నిర్ణయించే ముందు బోరు నీటి గుణం తెలుసుకోవడం అవసరం. నీళ్ళు పోసిన నాలుగు రోజులకు మట్టి మీద తెల్లని పొర కడుతున్నదంటే నీటిలో ఉప్పు ఎక్కువగా ఉన్నట్లు. బీట్‌రూట్, పాలకూర ఆ ఉప్పును బాగానే తట్టుకుంటాయి. క్యారెట్, ముల్లంగి, చిక్కుడు జాతులు తట్టుకోలేవు. అలాంటి ఇళ్ళలో క్యారెట్ కోసం పట్టుదలకు పోవడం కంటే ఆ జాగాను బీట్‌రూట్‌కు ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. వరిగడ్డి గాని, పాలమూరు వైపు సులభంగా దొరికే వేరుశనగ పొట్టు గాని మొక్కల మొదళ్ళలో పరిస్తే తడి త్వరగా ఆరదు, ఉప్పు పైకి తేలడం కూడా తగ్గుతుంది.

పందిరి కర్రలకు పాకే బఠాణీని మడి ఉత్తరపు అంచున వేయాలి. దక్షిణాన వేస్తే దాని నీడ మిగతా మొక్కల మీద పడుతుంది. నడుమ క్యాబేజీ, కాలిఫ్లవర్, దక్షిణపు అంచున దుంపలు, ఆకుకూరలు ఉండాలి. పొలంలో క్యాబేజీ మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరం పాటిస్తారు. పెరటి మడిలో అడుగు దూరం సరిపోతుంది, గడ్డ కొంచెం చిన్నదైనా ఒక పూట కూరకు చక్కగా ఒదుగుతుంది. ఒక వరుసలోని రెండు మొక్కల నడిమి ఖాళీకి ఎదురుగా తరువాతి వరుస మొక్క వచ్చేలా ముక్కోణపు పద్ధతిలో నాటితే, దూరం తగ్గించకుండానే సుమారు ఏడో వంతు మొక్కలు అదనంగా పడతాయి. నాటిన రోజే ఆ ఖాళీల్లో మెంతులు, రెండు బద్దలుగా నలిపిన ధనియాలు చల్లాలి. క్యాబేజీ ఆకులు కమ్ముకునేలోగా నెల రోజులకు ఆ కూరలు కోతకు వస్తాయి.

క్యారెట్ మాత్రం ఎక్కువ ఓపిక కోరుతుంది. దాన్ని నారు పోసి నాటరాదు, నేరుగా మడిలోనే విత్తాలి. పచ్చి పెంట తగిలితే దుంప రెండు మూడు కాళ్ళుగా చీలుతుంది. అర అంగుళం లోతున వేలితో గీత గీసి, గింజల్లో ఇసుక కలిపి పలుచగా చల్లి, నడుమ నడుమ జానెడు దూరంలో ఒక్కొక్క ముల్లంగి గింజ వేసి, పైన తడిపిన గోనె సంచి కప్పాలి. నాలుగైదు రోజులకే ముల్లంగి మొలిచి వరుస ఎక్కడుందో చూపిస్తుంది. అప్పుడు సంచి తీసి, పది పదిహేను రోజులు పట్టే క్యారెట్ మొలక వచ్చేవరకు ఆ గీతను ఉదయం, సాయంత్రం చిలకరింపుతో తడిగా ఉంచాలి. ఈ రోజుల్లో పై మట్టి ఒక్క మధ్యాహ్నం ఎండి పెళుసుబారినా లేత మొలక దాన్ని చీల్చుకొని రాలేదు. మొలకలు రెండంగుళాలు కాగానే మూడంగుళాలకు ఒకటి ఉంచి మిగిలినవి పీకివేయాలి. క్యారెట్ దుంప ఊరే వేళకు ముల్లంగి వంటింటికి చేరి చోటు ఖాళీ చేస్తుంది.

క్యాబేజీ, కాలిఫ్లవర్ నారును దసరాకు వారం ముందు పోస్తే దీపావళికి నాటుకోవచ్చు. కాలిఫ్లవర్‌లో ఆలస్యంగా కాసే రకాలకు మన చలి చాలదు, కాబట్టి తొలికాలపు, మధ్యకాలపు రకాలే అడిగి తీసుకోవాలి. పువ్వు పిడికెడంత కాగానే దాని ఆకులనే పైకి మడిచి దారంతో వదులుగా కడితే ఎండకు పసుపు పచ్చబడదు. బెండ, దోస గింజలకు చలిలో మొలక సరిగా రాదు, సంక్రాంతి దాటిన తరువాతే వాటిని తలపెట్టాలి.

నీళ్ళు ఉదయం పోయడం మంచిది. రాత్రి ఆకు తడిగా ఉంటే మచ్చ తెగుళ్ళు వస్తాయి. మడి అంచున కొన్ని ఆవాలు చల్లితే క్యాబేజీని తొలిచే పురుగు, పేనుబంక ముందు వాటినే ఆశిస్తాయి. లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలి.

ఖాళీ అయిన ప్రతి జానెడు చోటులో గుప్పెడు ఎరువు వేసి అదే రోజు పాలకూర గాని మెంతి గాని విత్తాలి. ఫిబ్రవరి చివర కొత్తిమీర పూతకు రావడం మొదలైందంటే చలి పంటల కాలం ముగిసినట్లే. అప్పటినుంచి ఖాళీ చోట్లలో పుంటికూర, తోటకూర, బచ్చలి వేసి, మిట్టమధ్యాహ్నపు ఎండకు పాత చీర పందిరి కట్టుకోవాలి.