బడిలో టీసీ (ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్) ఇవ్వడానికి డబ్బులడిగితే ఏం చేయాలి?

జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసి రిటైరైన టీచర్ని. పిల్లల సర్టిఫికెట్ల విషయం వస్తే మా వీధివాళ్లు ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. నా బాధల్లా ఒకటే. ఆఫీసులో లంచం అడగ్గానే డబ్బు తీసిచ్చేది ఎక్కువగా చదువుకున్న తల్లిదండ్రులే. "పనైపోతే చాలు మేడమ్" అంటారు, పక్కనే పిల్లాడు చూస్తుంటాడు. బళ్లో మేం ఎంత పౌరశాస్త్రం చెప్పినా వాడికి గుర్తుండేది ఆ కౌంటర్ దగ్గర చూసిందే.

అందుకే ముందు నోటిమాటగా అడగడం మానండి. తెల్లకాగితం మీద పిల్లాడి పేరు, తరగతి, అడ్మిషన్ నంబరు, కావలసిన సర్టిఫికెట్, తేదీ రాసి రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, సంతకం వేయించుకోండి. తీసుకోనంటే వాదన వద్దు, స్పీడ్ పోస్టులో పంపండి. "టీ ఖర్చులు" అంటే, "రసీదు ఇస్తారా సార్?" అని మర్యాదగా అడగండి. చాలా గొడవలు ఇక్కడే తీరిపోవడం చూశాను.

ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలైతే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అడగ్గానే హెడ్మాస్టర్ టీసీ ఇవ్వాలి. కాలేజీల సంగతంటారా, ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే చెప్పింది.

దరఖాస్తు కదలకపోతే సమాచార హక్కు ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఫీజు మండల ఆఫీసుకు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకు 10. "ఎందుకు ఇవ్వలేదు?" అని రాయకండి. "ఫలానా తేదీన ఇచ్చిన నా దరఖాస్తు ఎవరి దగ్గరుంది, దానిమీద ఎవరు ఏ తేదీన ఏం రాశారు, ఆ కాగితాల నకళ్లు ఇవ్వండి" అని రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, మరో 30 రోజుల్లోపు పైఅధికారికి అప్పీలు చేయండి.

ప్రభుత్వోద్యోగి లంచం కోసమే పట్టుబడితే అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ)కి చెప్పాలి, అదీ డబ్బు ఇవ్వకముందే. తెలంగాణలో 1064కి ఫోన్ చేయొచ్చు. వాళ్లు మీరు లంచంగా ఇవ్వబోయే నోట్ల నంబర్లు రాసుకుని ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. ఆ నోట్లు పట్టుకున్న చేతిని సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆమ్లాలు, క్షారాల పాఠంలో మన పిల్లలు చేసే పరీక్షే ఇది.

ఇప్పటికే ఇచ్చేశారా? అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చి ఉంటే మాత్రం 7 రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాళ్లకు ఆ నేరం వర్తించదు. కాబట్టి ఎవరు, ఏ రోజు, ఎక్కడ, ఎంత అడిగారో ఇంటికి రాగానే రాసిపెట్టుకుని, వారం దాటకుండా వెళ్లండి.