బిగ్ బ్లైండ్ల లెక్క: ఆన్‌లైన్ పోకర్ సిరీస్‌లో కొత్తగా చేరేవారికి

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో ఉండే మిత్రులం కొందరం శనివారం రాత్రుల్లో ఉచిత చిప్స్‌తో ఒక ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్ సిరీస్ ఆడుకుంటున్నాం. మాలో ఎవరికీ ఇది వృత్తి కాదు. దసరాకో దీపావళికో ఇంట్లో పత్తాలాడిన అలవాటుతోనే అందరం దీనిలోకి వచ్చాం. ఆ అలవాటు ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ అడ్డుపడుతుందో, సిరీస్ అంతటా నిలబడాలంటే ఏయే లెక్కలు చేతిలో ఉండాలో కొత్తవారికి చెప్పడం కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. డబ్బు పందెంగా పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్ట సవరణ ద్వారా నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అనే తేడా చూడకుండా, డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కనుక ప్రవేశ రుసుము, నగదు బహుమతి లేని ఉచిత చిప్స్ ఆటలోనే చేరండి. మిత్రుల మధ్య కూడా ఫోన్ ద్వారా తలా కొంత వసూలు చేసి గెలిచినవారికి ఇచ్చే పద్ధతికి ఒప్పుకోవద్దు. వాట్సాప్‌లో వచ్చే విదేశీ సైట్ల లింకులను తెరవకుండానే తొలగించండి. ఈ ఆటలో నేర్చుకోదగ్గ ఆలోచన ఎంతో ఉంది, దానికోసం ఒక్క రూపాయి కూడా పెట్టనక్కర లేదు.

మనవాళ్లు మొదట తడబడేది చేతుల వరుస, అంటే ఏ ముక్కల కలయిక దేన్ని ఓడిస్తుందన్న క్రమం దగ్గర. మూడుముక్కలాటలో కలర్ కన్నా సీక్వెన్స్ పెద్దది, మూడు ఒకే విలువ ముక్కలు వస్తే దాన్ని మించింది లేదు. పోకర్‌లో ఈ వరుస మారిపోతుంది: ఒకే జాతి ముక్కలు ఐదు ఉన్న ఫ్లష్, వరుసగా ఐదు ముక్కలున్న స్ట్రెయిట్‌ను ఓడిస్తుంది, మూడు ఆసులున్న చేయి ఈ రెండింటికీ లొంగుతుంది. దీని వెనుక ఉన్నది లెక్కే. మూడు ముక్కలు పంచినప్పుడు కలర్ 1,096 విధాలుగా, సీక్వెన్స్ 720 విధాలుగా వస్తాయి కనుక అరుదైన సీక్వెన్స్‌కు విలువ ఎక్కువ. ఐదు ముక్కల్లో ఫ్లష్ 5,108 విధాలుగా, స్ట్రెయిట్ 10,200 విధాలుగా వస్తాయి కనుక అక్కడ ఫ్లష్ పెద్దదయింది. ఈ కారణం ఒకసారి మనసుకు ఎక్కితే, గడియారం తిరుగుతున్నప్పుడు కూడా వరుస మరిచిపోరు. ఇక టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ రకంలో ప్రతి ఒక్కరికీ రెండు ముక్కలు మూసి పంచుతారు, బల్ల మీద అందరికీ చెందేలా మొదట మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత మరొకటి తెరుస్తారు, ఈ ఏడింటిలో మేలైన ఐదింటితో చేయి కట్టాలి.

టోర్నమెంట్‌కు ప్రాణం బ్లైండ్లలో ఉంది. ప్రతి పంపకంలోనూ డీలర్ గుర్తుకు ఎడమ పక్కనున్న ఇద్దరు ముక్కలు చూడకముందే వేయవలసిన నిర్బంధ పందేలవి, చిన్నదాన్ని స్మాల్ బ్లైండ్ అని, పెద్దదాన్ని బిగ్ బ్లైండ్ అని అంటారు. టోర్నమెంట్‌లో ఇవి నిర్ణీత సమయానికి పెరుగుతూ పోతాయి. మన చిప్స్ అంతే ఉన్నా వాటి బలం తరుగుతూ ఉంటుంది. అందుకే స్క్రీన్ మీద కనిపించే చిప్స్ సంఖ్యను అలాగే చూడకుండా, దాన్ని బిగ్ బ్లైండ్‌తో భాగించి చూడాలి. సిరీస్ ఆడదలచినవారు అన్నిటికన్నా ముందు అలవరచుకోవలసింది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

ఉదాహరణకు 5,000 చిప్స్‌తో, 25–50 బ్లైండ్లతో ఆట మొదలైందనుకుందాం. మీ దగ్గర వంద బిగ్ బ్లైండ్లున్నాయి, తొందర లేదు, చిన్న జతలతో తక్కువ ఖర్చుతో మూడు ముక్కలూ చూసి, బలం దొరకకపోతే వదిలేయవచ్చు. బ్లైండ్లు 200–400కు చేరేసరికి అవే 5,000 చిప్స్ పన్నెండున్నర బిగ్ బ్లైండ్లే అవుతాయి. బల్ల దగ్గర తొమ్మిది మంది ఉండి, బిగ్ బ్లైండ్ వేసేవారే ప్రతి పంపకంలో అదనంగా వేయవలసిన నిర్బంధ పందెం, అంటే యాంటీ, మరో 400 కూడా ఉంటే, ఒక్క చుట్టు తిరిగేసరికి మీకు 1,000 ఖర్చవుతుంది. అంటే మీరు ఏమీ ఆడకుండా కూర్చుంటే ఐదు చుట్లు, నలభై అయిదు పంపకాలు మాత్రమే మిగిలాయి, బ్లైండ్లు ఇంకా పెరిగితే అవి కూడా ఉండవు. ఇప్పుడు ముక్కల అరుదుతనం చూడండి. రెండు ఆసులు 221 పంపకాల్లో ఒకసారి వస్తాయి. జాకీల జత నుంచి ఆసుల జత వరకు గల నాలుగు జతలను, ఆసు–రాజు కలయికను కలిపి లెక్కించినా అవి ముప్పై మూడు పంపకాలకు సగటున ఒకసారి వస్తాయి. నలభై అయిదు పంపకాల్లో అటువంటి చేయి ఒకటి వస్తే వచ్చినట్టు, ఆ వచ్చింది కూడా గెలవాలనేమీ లేదు. మంచి ముక్కల కోసం ఓపికగా ఎదురుచూడడం రమ్మీలో సుగుణమే కావచ్చు గాని, ఇక్కడ అది కూర్చున్నచోటే కరిగిపోవడానికి దారి.

మరి ఆ దశలో ఏం చేయాలి? మీ ముందున్నవారందరూ వదిలేసి, మీ వెనుక ఇద్దరో ముగ్గురో మాత్రమే మిగిలిన స్థానంలో మీరుంటే, ఒక మోస్తరు ఆసు, చిన్న జత, ఒకే జాతి రాజు–రాణి వంటి ముక్కలతో మొత్తం చిప్స్ ముందుకు నెట్టడం సరైన ఆట. అందరూ వదిలేస్తే బ్లైండ్లు, యాంటీ కలిపి 1,000 మీవవుతాయి. 5,000 ఉన్నవారికి అది ఐదో వంతు, పైగా ఇంకో చుట్టుకు సరిపడే ఊపిరి. ఎవరైనా ఎదురు నిలిచినా మీకు గెలిచే అవకాశం కొంత ఉంటుంది. ఇలా నెట్టేవారికి గెలిచే దారులు రెండు, ఎదుటివారి నెట్టుడుకు ఒప్పుకునేవారికి ఒక్కటే, అందుచేత ఒప్పుకోవడానికి నెట్టడానికన్నా బలమైన ముక్కలు కావాలి. బిగ్ బ్లైండ్లు ఇరవైకి పైగా ఉన్నప్పుడు మాత్రం ఈ మొండితనం అక్కర లేదు, బిగ్ బ్లైండ్‌కు రెండు రెండున్నర రెట్లు వేసి చూడడం చాలు.

రెండో లెక్క చిన్నదే. ఫ్లష్‌కు ఒక్క ముక్క తక్కువై, రావలసినవి తొమ్మిది మిగిలి ఉంటే, ఇంకా రెండు ముక్కలు తెరవాల్సినప్పుడు తొమ్మిదిని నాలుగుతో, ఒక్కటే తెరవాల్సినప్పుడు రెండుతో గుణిస్తే గెలిచే శాతం దాదాపుగా తెలుస్తుంది. పాట్‌లో, అంటే బల్ల మధ్య పోగైన పందేల మొత్తంలో, 1,200 ఉండగా ఎదుటివారు 600 వేస్తే, మీరు 600 పెట్టి మొత్తం 2,400 కోసం ఆడుతున్నారు, అంటే కనీసం 25 శాతం అవకాశం ఉండాలి. ఒక్క ముక్కే మిగిలితే మీకున్నది ఇరవై శాతం కన్నా తక్కువ. ఆశ ఎంత ఉన్నా, ఫ్లష్ పడ్డాక ఎదుటివారి నుంచి ఇంకా గణనీయంగా రాబట్టగలమన్న నమ్మకం లేకపోతే వదిలేయాలి.

సరిగ్గా ఆడినా ఓడిపోయే రాత్రులు ఉంటాయి. ఆసుల జత రాజుల జతతో తలపడినప్పుడు కూడా నూటికి దాదాపు పద్దెనిమిది సార్లు రాజులే గెలుస్తారు. ఒక్క టోర్నమెంట్‌తో ఎవరి ఆటనూ తూచలేమనే సిరీస్ పెట్టేది.

ఇక్కడే పాయింట్ల నియమాలను మొదటి రోజే శ్రద్ధగా చదవాలి. కొన్ని సిరీస్‌లు చివరి దాకా మిగిలిన ప్రతి స్థానానికీ మెట్టుమెట్టుగా పాయింట్లు ఇస్తాయి, అటువంటిచోట తక్కువ చిప్స్‌తోనైనా ఇంకొకరు నిష్క్రమించేదాకా నిలిచి ఉండడానికి విలువ ఉంది. మొదటి మూడు స్థానాలకే పెద్ద పాయింట్లు ఉన్నప్పుడు, తుదిబల్లకు చేరామని తృప్తిపడి ముడుచుకుని కూర్చోవడం నష్టం. అన్ని రాత్రుల్లో మేలైన కొన్ని ఫలితాలనే లెక్కించే పద్ధతి ఉంటే, ఇప్పటికే బాగా ఆడినవారు తరువాతి రాత్రుల్లో ఎక్కువ సాహసించవచ్చు, ఎందుకంటే తొందరగా బయటపడిన రాత్రి లెక్కలోకే రాదు.

సాధన సామగ్రి విషయం తేలికే గాని నిర్లక్ష్యం చేయరాదు. వేసవిలో ఈదురుగాలి లేచిందంటే మన దగ్గర కరెంటు పోవడం మామూలే. కనెక్షన్ తెగినా మీ బ్లైండ్లు కోతపడుతూనే ఉంటాయి. రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలపండి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి, ఆట మొదలుకాకముందే భోజనం ముగించండి.

ఆట జరుగుతుండగా గ్రూపులో “బావా, నీ దగ్గర ఆసు ఉండెనా?” అని అడగడం చనువుతో జరిగేదే. అయినా ఆ పంపకం ముగిసేదాకా ఎవరూ జవాబివ్వకూడదు, ఆట వదిలేసినవారు కూడా తమ ముక్కలేమిటో చెప్పకూడదు. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరు ఆడుతుంటే వేర్వేరు గదుల్లో కూర్చోవాలని ముందే నియమం పెట్టుకోవడం మేలు, దానివల్ల అనుమానానికి తావుండదు, బంధుత్వమూ చెడదు.

టోర్నమెంట్ ముగిశాక మరునాడు హ్యాండ్ల చరిత్ర తెరిచి, మీ చిప్స్‌లో మూడో వంతుకు మించి పందెం కాసిన ప్రతి పంపకాన్నీ నోటుపుస్తకంలో రాసుకోండి. మీ స్థానం, మీ ముక్కలు, అప్పుడు మీ దగ్గరున్న బిగ్ బ్లైండ్లు, ఎదుటివారి దగ్గరున్నవి, ఈ నాలుగూ చాలు. గెలిచారా ఓడారా అన్న గడి గీయవద్దు. అది లేని పట్టికను చూపించి మీకన్నా బాగా ఆడే మిత్రుణ్ణి అడిగితే, ఫలితం తెలియని అతను మీ నిర్ణయాన్ని మాత్రమే చూసి అభిప్రాయం చెబుతాడు.