ఫోన్ లిఫ్ట్ చేయాలా, చెయ్యి రెయిజ్ చేయాలా? 'ఎత్తడం' దగ్గర ఇంగ్లీషు తికమకలు, దిద్దుబాట్లు

తెలుగులో 'ఎత్తు' అనే ఒక్క మాటతో సగం పనులు గడిచిపోతాయి. చెయ్యి ఎత్తుతాం, బిడ్డను ఎత్తుకుంటాం, ఫోన్ ఎత్తుతాం, డ్యామ్ గేట్లు ఎత్తుతాం, కర్ఫ్యూ ఎత్తేస్తాం. పెళ్లింట్లో ఫలానావాళ్ల పేరెత్తితే గొడవ కూడా పెట్టుకుంటాం. ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి వేరువేరు మాటలున్నాయి. మన నోటికి ముందుగా వచ్చేది మాత్రం లిఫ్ట్. స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పేటప్పుడు నాకు పదేపదే ఎదురైన చిక్కులు ఇవి. మీది ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లొచ్చు.

సమస్య: 'హి ఈజ్ నాట్ లిఫ్టింగ్ మై కాల్' అంటే అవతలివాళ్లు తెల్లమొహం వేస్తున్నారు

కారణం పాత ల్యాండ్‌లైన్. అప్పట్లో రిసీవర్ నిజంగానే ఫోన్ మీద పడుకుని ఉండేది, దాన్ని ఎత్తేవాళ్లం. 'లిఫ్ట్ ద రిసీవర్' అప్పుడూ ఇప్పుడూ మంచి ఇంగ్లీషే. రిసీవర్లు పోయాయి, లిఫ్ట్ మన దగ్గర మిగిలిపోయింది. పైగా కాల్ చేత్తో ఎత్తే వస్తువు కాదు.

పరిష్కారం: 'హి ఈజ్ నాట్ పికింగ్ అప్' లేదా 'హి ఈజ్ నాట్ ఆన్సరింగ్ మై కాల్స్' అనండి. ఇంట్లో, ఊళ్లో ఫోన్ లిఫ్ట్ చేయమనే అనుకోవచ్చు, అది ఇప్పుడు తెలుగే అయిపోయింది. విదేశీ క్లయింటు ముందు మాత్రం మార్చుకోండి.

సమస్య: లిఫ్ట్ ఎక్కడ, రెయిజ్ ఎక్కడ? రెండూ 'ఎత్తు'లాగే ఉన్నాయి

అన్నిటికంటే ఎక్కువమంది పడే గుంట ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

లిఫ్ట్ చూపు కింద ఉంటుంది. ఆనుకుని ఉన్న చోటును వస్తువు వదిలిందా అన్నదే దానికి ముఖ్యం. ఇంగ్లీషుకు ఈ మాట స్కాండినేవియా పాత భాష నుంచి వచ్చింది, అక్కడ దీనికి 'గాలి' అనే మాటతో చుట్టరికం ఉంది. అంటే గాలిలోకి లేపడం. రెయిజ్ చూపు పైన ఉంటుంది. ఎంత ఎత్తుకు చేరింది, ఏ స్థాయికి వచ్చింది అని చూస్తుంది. అడుగు అక్కడే ఉన్నా దానికి పట్టింపు లేదు.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. రెండు పద్ధతుల్లో కలిపి మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఆ బరువు నేలను వదిలి లేచింది కాబట్టి ఆ ఆట పేరు వెయిట్ లిఫ్టింగ్. క్లాసులో చెయ్యి ఎత్తినప్పుడు చెయ్యి భుజాన్ని వదిలి ఎటూ పోదు, అందరికీ కనిపించే ఎత్తుకు వస్తుంది, అంతే. అందుకే టీచర్లు 'రెయిజ్ యువర్ హ్యాండ్' అంటారు. 'లిఫ్ట్ యువర్ హ్యాండ్' కూడా తప్పు కాదు, కానీ అది బల్ల మీద ఆనించిన చెయ్యి తీయమన్నట్టు వినిపిస్తుంది. చెయ్యెత్తకుండా మెలికల ముగ్గు వేయడం గురించి ఇంగ్లీషులో చెప్పాలంటే మాత్రం లిఫ్టే సరి, ఎందుకంటే అక్కడ లెక్క నేలను వదలడమా కాదా అన్నదే.

మన నీటి వార్తలు దీనికి మంచి పాఠం. ఎత్తిపోతల పథకం లిఫ్ట్ ఇరిగేషన్. పట్టిసీమలో నీళ్లు గోదావరిని వదిలి పైనున్న కాలువలో పడుతున్నాయి కదా. ఆలమట్టి డ్యామ్ ఎత్తును 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచే వివాదం గురించి రాసేటప్పుడు మాత్రం రెయిజ్. డ్యామ్ ఎక్కడికీ లేచిపోదు, స్థాయి పెరుగుతుంది. నాగార్జునసాగర్ 26 గేట్ల దగ్గర రెండూ నడుస్తాయి. ఊరికే 'గేట్లు ఎత్తారు' అంటే లిఫ్ట్ చాలు. 'పది అడుగుల మేర ఎత్తారు' అని కొలత చెబితే రెయిజ్ ఇంకా బాగా అతుకుతుంది.

ఈ స్థాయి లెక్క పట్టుకుంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. గొంతు పెంచడం, ధర పెంచడం, పిల్లల్ని పెంచడం, మేకల్ని పెంచడం అన్నీ రెయిజే. మన 'పెంచు' చేసే పనులే. నిషేధం, కర్ఫ్యూ ఎత్తేయడం లిఫ్ట్. మీద కూర్చున్న బరువును తీసేసినట్టు. ప్రశ్న లేవనెత్తడం, ఆఫీసులో టికెట్ (అంటే ఫిర్యాదు) పెట్టడం రెయిజ్. ఎవరి పేరో ఎత్తడానికి ఈ రెండూ పనికిరావు, 'మెన్షన్' లేదా 'బ్రింగ్ అప్' అనాలి.

సమస్య: 'ప్రైసెస్ హావ్ రెయిజ్డ్' అని రాస్తే ఎర్ర గీత పెడుతున్నారు

నిజానికి ఈ తప్పు తెలుగువాళ్లు చేయకూడదు. మన భాషలో ఈ తేడా పుట్టుకతోనే ఉంది. లేచు - లేపు, పెరుగు - పెంచు. తనంతట తాను లేచేది, పెరిగేది రైజ్. ఇంకొకరు లేపేది, పెంచేది రెయిజ్. వాటి పుట్టుక కూడా ఇలాంటిదే. ఒకే మూలం, ఒకటి అవడం, ఇంకొకటి చేయడం.

పరిష్కారం: ముందు తెలుగులో అనుకోండి. 'ధరలు పెరిగాయి' అంటే 'ప్రైసెస్ హావ్ రిజన్'. 'షాపువాడు ధరలు పెంచాడు' అంటే 'రెయిజ్డ్'. రైజ్ రూపాలు రైజ్, రోజ్, రిజన్. 'రైజ్డ్' అనే మాటే లేదు.

ఒక హెచ్చరిక. 'లేపు' అన్నచోటల్లా రెయిజ్ వాడకండి. నిద్రపోతున్న తమ్ముణ్ణి లేపడం 'వేక్ హిమ్ అప్'. రెయిజ్ అంటే చచ్చినవాణ్ణి బతికించి లేపినట్టు ఉంటుంది. (మా ఇంట్లో ఆదివారం పూట అదే సరైన మాట అనుకోండి.) కుర్చీలోంచి లేవడానికి రైజ్ అనొచ్చు గానీ అది కోర్టు వాసన వేస్తుంది. మామూలుగా 'గెట్ అప్', 'స్టాండ్ అప్' అంటారు.

జీతం దగ్గర ఇంకో మెలిక. లండన్‌లో పెరిగితే రైజ్, డాలస్‌లో పెరిగితే రెయిజ్, మాదాపూర్‌లో పెరిగితే హైక్. అమెరికాలో ఊరికే 'ఐ గాట్ ఎ హైక్' అనకండి, వాళ్లకు హైక్ అంటే ముందు కొండదారి నడకే గుర్తొస్తుంది.

సమస్య: బిడ్డను 'ఎత్తుకో' అనడానికి ఏ మాటా కుదరడం లేదు

కారణం: మన 'ఎత్తుకో'లో రెండు పనులున్నాయి. కింది నుంచి తీయడం ఒకటి, చంకలో ఉంచుకోవడం ఇంకొకటి. ఇంగ్లీషు వాటిని విడదీస్తుంది. తీయడం 'పిక్ అప్', ఉంచుకోవడం 'హోల్డ్', ఉంచుకుని నడవడం 'క్యారీ'. 'బాబును గంటసేపు ఎత్తుకున్నాను' అన్నచోట పిక్ అప్ వాడితే గంటసేపు దించుతూ ఎత్తుతూ కసరత్తు చేసినట్టు అవుతుంది. 'క్యారీడ్ హిమ్ ఫర్ యాన్ అవర్' అనాలి.

ఇంకోటి, 'ఐ విల్ పిక్ అప్ యువర్ సన్' అంటే చాలాసార్లు స్కూలు నుంచి తీసుకొస్తానని అర్థం. లిఫ్ట్‌తో మరీ జాగ్రత్త. మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లో చైల్డ్ లిఫ్టర్ అంటే పిల్లల్ని ఎత్తుకెళ్లేవాడు. షాపులో సరుకు లేపేయడం షాప్ లిఫ్టింగ్. దొంగతనం దగ్గర మాత్రం రెండు భాషలకూ భలే కుదిరింది.

సమస్య: డాక్టర్ 'ఎలివేట్ ద లెగ్' అంటే కాలు ఎత్తి దించుతూ కూర్చున్నారు

ఎత్తి దించేది లిఫ్ట్, అది ఫిజియోథెరపీలో చేయిస్తారు. ఎలివేట్ అంటే ఎత్తులో ఉంచడం. చీలమండ బెణికితే దిండ్ల మీద కాలు పెట్టి, గుండె కంటే ఎత్తుగా ఉండేలా పడుకోవాలి, వాపు తగ్గడానికి. రిపోర్టులో 'ఎలివేటెడ్' అని ఉంటే ఆ విలువ ఉండాల్సిన దానికంటే పెరిగిందని అర్థం, మెరుగైందని కాదు.

సమస్య: ఏది రాసినా లిఫ్టే అవుతోంది, వాక్యంలో బరువు తెలియడం లేదు

ఎవరు, దేనితో ఎత్తారో అడగండి. మూలుగుతూ, నడుం బిగించి ఎత్తితే హీవ్. కింద జాకీ పెట్టి కారు లేపితే జాక్ అప్. దోసిలితోనో గరిటెతోనో తీస్తే స్కూప్. గోడ ఎక్కేవాడి కాలికింద చేతులు పెట్టి తోస్తే బూస్ట్. లగ్, హాల్ అనేవి ఎత్తడం కాదు, మోయడం, ఈడ్చడం.

తాడు, గిలక, క్రేన్ ఉంటే హోయిస్ట్. జెండాకు వాడే మాట ఇదే. ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని జెండాను కింది నుంచి తాడుతో పైకి లాగుతారు, అది హోయిస్ట్. జనవరి 26న జెండా ముందే పైన ముడిచి ఉంటుంది, రాష్ట్రపతి దాన్ని విప్పుతారు, అది అన్‌ఫర్ల్. స్కూలు ఆహ్వానపత్రం రాసేవాళ్లు ఏ తేదీకి ఏ మాటో చూసుకోండి. జెండా నియమావళి ప్రకారం హోయిస్ట్ చకచకా చేయాలి, దించడం మాత్రం నెమ్మదిగా, మర్యాదగా.

సమస్య: 'కాస్త ఈ మూట ఎత్తు నాయనా' అనడానికి మాట దొరకడం లేదు

దొరకదు. గడ్డిమోపు నెత్తికెత్తుకునే మనిషికి ఓ చెయ్యి వేయడం అనే పనికి ఇంగ్లీషులో ఒక్క మాట లేదు. 'హెల్ప్ మి గెట్ దిస్ అప్ ఆన్ మై హెడ్' అని పొడుగ్గా చెప్పుకోవాల్సిందే.